చల్లని సీమ ద్రాక్షను అర్థం చేసుకోవడం ఎలా? విశాఖలో కూర్చుని మోసెల్ లోయ పాఠం

పాఠ్యపుస్తకంలో చల్లని వైన్ ప్రాంతాల అధ్యాయం రాగానే, విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివే విద్యార్థులు సాధారణంగా నదుల పేర్లు, ఊళ్ల పేర్లు, ద్రాక్ష రకాల పేర్లు వరుసగా బట్టీ పడతారు. పరీక్ష గట్టెక్కడానికి అది సరిపోవచ్చు గానీ, రేపు బీచ్ రోడ్డులోని ఏదో ఒక హోటల్లో అతిథి సీసా చూపించి ‘ఇది ఇంత పుల్లగా ఎందుకుంది?’ అని అడిగితే ఆ జాబితా అక్కరకు రాదు. అలాంటి ప్రాంతం ఏదైనా సరే, దాని శీతోష్ణస్థితినీ, నేలనూ, ద్రాక్షనూ ఒకే తర్కంతో అర్థం చేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణకు జర్మనీలోని మోసెల్ లోయను ఎంచుకున్నాను, ఎందుకంటే మిగతా చోట్ల వెతికి పట్టుకోవలసిన కారణాలు అక్కడ కొండవాలు మీదే బాహాటంగా కనిపిస్తాయి.

పద్ధతి అంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: మన ముందున్న ఈ వివరం ద్రాక్షకు వేడిని చేకూరుస్తోందా, లేక దూరం చేస్తోందా? మనకు ఈ ప్రశ్న తొందరగా తట్టదు. ఇల్లు కట్టేటప్పుడు పడమటెండ గోడకు తగలకుండా చూసుకునే ఊరు మనది. వేడి ఇక్కడ అడగకుండానే వచ్చేది. మోసెల్ రైతుకు మాత్రం అది అరుదైన సరుకు. కాబట్టి మన అలవాటును తలకిందులు చేసుకుని మొదలుపెట్టాలి.

ముందు వేడి లెక్క

పటంలో అక్షాంశం చూడటంతో పని ప్రారంభించండి. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే, మోసెల్ ద్రాక్షతోటలు 50 డిగ్రీల అటూ ఇటూగా ఉన్నాయి. ఫ్రాన్సులోని వోజ్ పర్వతాల్లో పుట్టిన ఈ నది, లక్సెంబర్గ్ సరిహద్దును ఒరుసుకుంటూ జర్మనీలో ప్రవేశించి, ట్రియర్ నగరం దాటాక మెలికలు తిరుగుతూ వెళ్లి కోబ్లెంజ్ దగ్గర రైన్ నదిలో కలుస్తుంది. అంత ఉత్తరాన ఉండటం వల్ల జూన్ నెలలో పగలు 16 గంటలు దాటుతుంది; విశాఖలో ఏడాది మొత్తంలో అతి పెద్ద పగలు 13 గంటలకు కాస్త ఎక్కువ. అంటే అక్కడి వేసవి చల్లనిదే అయినా తీగ ఆకులు ఆహారం తయారుచేసుకునే సమయం మన దగ్గరకన్నా రోజుకు మూడు గంటల దాకా ఎక్కువ. చల్లని ప్రాంతమంటే వెలుతురు తక్కువైన ప్రాంతమనుకునే పొరపాటు ఇక్కడే తీరిపోవాలి.

తరువాత వేడిని లెక్కకట్టాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణానికి చెందిన అమెరిన్, వింక్లర్ 1944లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పది డిగ్రీల సెల్సియస్ లోపు చలిలో ద్రాక్షతీగ దాదాపు ఎదగదు కనుక, ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ప్రతి నెల సగటు ఉష్ణోగ్రతలోంచి 10 తీసివేసి, మిగిలినదాన్ని ఆ నెల రోజులతో గుణించి, అన్నిటినీ కూడాలి. మోసెల్ ప్రాంతానికి మే నెలకు 14, జూన్‌కు 17, జులైకి 19, ఆగస్టుకు 18, సెప్టెంబరుకు 14 డిగ్రీలని ఉజ్జాయింపుగా తీసుకోండి. ఏప్రిల్, అక్టోబరు సగటులు పదికి దగ్గరగానే ఉంటాయి కనుక వాటివల్ల కలిసేది దాదాపు శూన్యం. మేకు 124, జూన్‌కు 210, జులైకి 279, ఆగస్టుకు 248, సెప్టెంబరుకు 120, వెరసి 981. ఈ మొత్తాన్ని బట్టి ప్రాంతాలను తరగతులుగా విడగొట్టే వింక్లర్ పట్టికలో అత్యంత చల్లని తరగతికి పై హద్దు సుమారు 1,390. మోసెల్ ఆ హద్దుకు చాలా దిగువన నిలిచింది. ఇదే లెక్క విశాఖకు కడితే, ఆ ఏడు నెలల సగటును తక్కువలో తక్కువగా 28 డిగ్రీలు అనుకున్నా, 18ని 214 రోజులతో గుణిస్తే 3,852 వస్తుంది. ఆ పట్టికలోని అత్యంత వేడి తరగతి 2,222 దగ్గరే మొదలవుతుంది. ఈ రెండు అంకెలనూ నోట్సులో పక్కపక్కన రాసుకోమని విద్యార్థులకు చెబుతుంటాను; ఎందుకంటే తరువాత వచ్చే ప్రతి విషయమూ మోసెల్ రైతు ఆ 981తో ఎలా నెట్టుకొస్తున్నాడన్న దానికి సమాధానమే.

ఈ దశలో తరగతిలో తప్పకుండా వచ్చే ప్రశ్న లంబసింగి గురించి. శీతాకాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పడిపోతుంది కదా, మరి అది చల్లని ద్రాక్షసీమ కాదా? కాదు. ప్రతి 100 మీటర్ల ఎత్తుకు సగటున 0.65 డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉండే ఆ కొండల్లో ఏప్రిల్–అక్టోబరు సగటు 22 డిగ్రీల చుట్టుపక్కల తేలుతుంది; 12ను 214తో గుణిస్తే 2,568. అది ఇంకా వేడి తరగతే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల చలి పర్యాటకులకు పండగే గానీ, కాయ పండే కాలానికి దానితో సంబంధం లేదు. పైగా జూన్ నుంచి అక్టోబరు దాకా మన కొండల మీద నైరుతి వానలు పడతాయి. మన్యంలో ఆ ఎత్తు, ఆ వాన, ఆ నీడ కాఫీకి సరిగ్గా అమరాయి కనుకనే అక్కడ కాఫీ నిలదొక్కుకుంది. వేడి ప్రాంతాల్లో ద్రాక్ష పండదని దీని అర్థం కాదు. మహారాష్ట్రలోని నాసిక్‌లో వైన్ ద్రాక్ష పండుతోంది. అయితే అక్కడ తీగకు చలికాలపు నిద్ర లేదు కనుక ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెనకబట్టాక మరొకసారి కత్తిరింపు చేసి, వేసవికి ముందే పంట తీస్తారు. మోసెల్‌లో ఆ నిద్రను శీతాకాలమే ఇస్తుంది.

వాలు, దిక్కు, నది

నా ఉద్దేశంలో ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం ఇదే. దీనికి కాగితం, పెన్సిలు, త్రికోణమితి పట్టిక ఉంటే చాలు. సెప్టెంబరు చివర్లో పగలు, రాత్రి సమానమైన రోజున మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల అక్షాంశం దగ్గర దిగంతానికి 40 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చదునైన నేల మీద ఆ కిరణాలు ఏటవాలుగా పడి, నిట్టనిలువుగా పడితే అందే శక్తిలో 64 శాతమే నేలకు చేరుతుంది. అదే రోజు విశాఖలో సూర్యుడు 72 డిగ్రీల ఎత్తున ఉంటాడు కాబట్టి చదునైన నేలకే 95 శాతం అందుతుంది. ఇప్పుడు మోసెల్‌లో దక్షిణానికి తిరిగిన 30 డిగ్రీల కొండవాలును తీసుకోండి: 40కి 30 కలిపితే 70 డిగ్రీలు, అంటే 94 శాతం. గాలి పొరల్లో కిరణాలు అక్కడ ఎక్కువ దూరం ప్రయాణించాలి కనుక అసలు శక్తి కొంత తగ్గే మాట నిజమే అయినా, కోణం మట్టుకు చూస్తే, కాయ చివరి పండుదలకు వచ్చే ఆ రోజుల్లో, అంత ఉత్తరాన ఉన్న కొండవాలు మన మైదానంతో దాదాపు సమానమైపోయింది. నిటారు కొండల మీద, యంత్రాలు ఎక్కలేని చోట, మనుషులు తాళ్లు పట్టుకుని ఎందుకు సేద్యం చేస్తున్నారో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. బ్రెమ్ గ్రామం దగ్గరి కాల్మోంట్ వాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మనుషులనూ గంపలనూ పైకి చేర్చడానికి ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండ్లు వాడతారు, ఒక్కో తీగనూ ఒక్కో కర్రకు విడిగా కడతారు.

పుస్తకాల్లో వాలును ఒకచోట డిగ్రీల్లో, మరొకచోట శాతాల్లో రాస్తారు. రెండూ ఒకటి కావు. నూరు శాతం వాలు అంటే 45 డిగ్రీలు, 30 శాతం అంటే సుమారు 17 డిగ్రీలు. జర్మనీలో నిటారు తోట అనే పేరుకు 30 శాతం వాలు చాలు.

దిక్కు విషయానికి వస్తే, ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి బెర్న్‌కాస్టెల్-కూస్ అనే ఊరు వెతకండి. అక్కడినుంచి నది వెంబడి వాయవ్యంగా జరుగుతూ వెళ్తే గ్రాక్, వేలెన్, జెల్టింగెన్ వరుసగా వస్తాయి. కుడి ఒడ్డున, అంటే నైరుతికి తిరిగిన వాలు మీద, దువ్వినట్టున్న చారలు కొండ మీదివరకూ కనిపిస్తాయి. అవి ద్రాక్ష వరుసలు. వేలెన్ ఊరు ఒక ఒడ్డున ఉంటే, దానికి పేరు తెచ్చిన తోట అవతలి ఒడ్డున ఉంటుంది. ఆ తోట మధ్యలో రాతి మీద 1842లో కట్టిన నీడ గడియారం ఇప్పటికీ ఉంది. ఎండ పడే వాలును తీగలకు వదిలి, ఊరు ఎదుటి ఒడ్డున కట్టుకున్నారన్నమాట. నది మెలిక తిరిగిన ప్రతిచోటా ఎండ పడే వాలు ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు మారిపోతుంది. దాన్ని పటం మీద వేలితో అనుసరిస్తూ పోతే మంచి తోటలు ఎక్కడున్నాయో పుస్తకం చూడకుండానే చాలావరకు చెప్పగలుగుతారు. విశాఖలో కైలాసగిరికి ఉత్తర ముఖమా, దక్షిణ ముఖమా అన్నది ఇంత తేడా తీసుకురాదు, ఎందుకంటే జూన్‌లో సూర్యుడు మనకు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే వెళ్లిపోతాడు.

నది కూడా వేడిని కూడబెట్టే పనిలో భాగస్వామే. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కనుక వసంతకాలపు మంచు దెబ్బను ఒడ్డు వెంబడి కొంత తగ్గిస్తుంది, వెలుతురును వాలు మీదికి ప్రతిఫలింపజేస్తుంది. ఐఫెల్, హున్స్‌రూక్ కొండలు రెండు పక్కలా చలిగాలులను అడ్డుకుంటాయి. ఉపనదులైన సార్, రూవర్ లోయలు మరికాస్త విశాలంగా, చల్లగా ఉండటం వల్ల అక్కడి వైన్లలో పులుపు ఇంకా పదునుగా ఉంటుంది.

రాయి

మోసెల్ నేల గురించి చెప్పేటప్పుడు మట్టి కన్నా రాయి గురించే ఎక్కువ చెప్పుకోవాలి. సుమారు 40 కోట్ల సంవత్సరాల నాటి, డెవోనియన్ యుగపు సముద్రపు బురద ఒత్తిడికి గట్టిపడి పలక రాయి అయింది. మార్కాపురం పలకలు చూసినవారికి ఆ రాయి పొరలుపొరలుగా చీలే తీరు తెలిసే ఉంటుంది. మోసెల్ వాలుల మీద ఆ పెళ్లలు నీలంగా, బూడిద రంగులో, ఊర్జిగ్ గ్రామం దగ్గర ఎర్రగా పరుచుకుని ఉంటాయి. పగలంతా ఎండను పీల్చుకుని, చీకటి పడ్డాక వేసవిలో మన డాబా నేల లాగా ఆ వేడిని తిరిగి వదులుతాయి. దీన్ని నమ్మమని చెప్పడం కన్నా చేయించి చూపడం మేలు: ఒక నల్ల పలక ముక్కనూ, అదే పరిమాణంలో ఉన్న తెల్లని సున్నపురాయినీ పొద్దుటి నుంచి డాబా మీద ఎండలో ఉంచి, సాయంత్రం ఆరు గంటలకూ, ఎనిమిది గంటలకూ కిచెన్‌లో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. రెండు రాళ్ల మధ్య తేడా అంకెల్లో దొరుకుతుంది.

రాతి రెండో పని నీటిని నిలవనీయకపోవడం. తడి నేల వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది. పలక పెళ్లల సందుల్లోంచి వాన నీరు త్వరగా దిగిపోతుంది కనుక వాలు తొందరగా ఆరి, తొందరగా వేడెక్కుతుంది. సారం తక్కువైన ఆ నేలలో తీగ వేళ్లు నీటి కోసం పగుళ్లలోకి లోతుగా పోతాయి. వాన నీరు ఇంకడం, కోయడం అంటే ఏమిటో ప్రత్యక్షంగా చూడాలంటే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గరకు వెళ్లి గెడ్డలు ఎలా కోతపడ్డాయో గమనించండి. అక్కడ వదులైన ఇసుకమట్టికి పైన కవచం లేదు. మోసెల్ వాలుల మీద పెళ్లలే ఆ కవచం. అయినా గట్టి వానలకు అవి కిందికి జారుతూనే ఉంటాయి, కనుక జారిన రాళ్లను తిరిగి పైకి మోసుకెళ్లడం అక్కడి రైతులకు తరతరాలుగా ఉన్న చాకిరీ.

ట్రియర్‌కు ఎగువన కథ మారుతుంది: అక్కడ పలక రాయి పోయి గవ్వల సున్నపురాయి వస్తుంది, మోసెల్ ప్రధాన ద్రాక్ష రకమైన రీస్లింగ్ బదులు ఎల్బ్లింగ్ అనే పాత ద్రాక్ష కనిపిస్తుంది. ఒకే నది పేరున్నంత మాత్రాన నేల ఒకటే అనుకోకూడదు.

వైన్‌లో ‘రాతి రుచి’ ఉందని చెప్పే అలవాటు గురించి ఒక మాట. వేళ్లు పీల్చుకునేది నీటిలో కరిగిన లవణాలను మాత్రమే. పలక రాయి రుచి గ్లాసులోకి నేరుగా రాదు. రాయి ప్రభావం వేడి, నీటి పారుదల, తీగ ఎదుగుదల ద్వారా వస్తుంది. అతిథి ముందు కవిత్వం చెప్పవలసి వస్తే చెప్పండి గానీ, పరీక్ష పేపర్లో మాత్రం రాయకండి.

ద్రాక్ష

ఇంతవరకూ చూసిన ఏర్పాట్లన్నీ ఉన్నా, తగిన రకం లేకపోతే వృథా. మోసెల్ తోటల్లో దాదాపు 60 శాతం రీస్లింగే. దాని మొగ్గ ఆలస్యంగా పగులుతుంది కనుక వసంతపు మంచును చాలావరకు తప్పించుకుంటుంది. కాండం గట్టిది కనుక శీతాకాలపు చలిని తట్టుకుంటుంది. కాయ ఆలస్యంగా పండుతుంది కనుక దీర్ఘమైన శరత్కాలాన్ని పూర్తిగా వాడుకుంటుంది. ఆ ఆలస్యంలోనే ప్రమాదమూ ఉంది: అదే రకాన్ని ఉత్తరపు వాలు మీద నాటితే చల్లని ఏడాదిలో అది పండనే పండదు. ఆ తేడా తెలిసే, ట్రియర్ పాలకుడైన క్లెమెన్స్ వెంట్సెస్లావుస్ 1787లో నాసిరకం తీగలు పీకేసి మేలు రకాలు నాటమని ఆజ్ఞాపించాడు. రీస్లింగ్‌కు ఎండ చాలని చోట్ల, 1882లో హెర్మన్ ముల్లర్ సృష్టించిన ముల్లర్-తుర్గావ్ వంటి త్వరగా పండే రకాలు వేస్తారు. వాటి గురించి ఇంతకన్నా చెప్పవలసింది పెద్దగా లేదు.

పులుపు ఎక్కడినుంచి వస్తుందో నాలుకతో తెలుసుకోవచ్చు. ద్రాక్షలో ప్రధానమైన ఆమ్లాలు రెండు: టార్టారిక్, మాలిక్. మొదటిది చింతపండులో పుష్కలంగా ఉంటుంది, రెండోది పచ్చి ఆపిల్‌లో. పలచని చింతపండు రసం ఒక చెంచా, పచ్చి ఆపిల్ ముక్క ఒకటి విడివిడిగా రుచి చూడండి. చింతపండు పులుపు నాలుక మీద గట్టిగా నిలుస్తుంది, ఆపిల్ పులుపు దవడల పక్కన చిమ్ముతుంది. కాయ పండే కొద్దీ మాలిక్ ఆమ్లాన్ని తీగ శ్వాసక్రియలో ఖర్చు చేస్తుంది. వేడి ఎక్కువైతే ఆ ఖర్చు ఎక్కువ. మోసెల్‌లో సెప్టెంబరు, అక్టోబరు రాత్రులు చల్లగా ఉండటం వల్ల చక్కెర పెరుగుతున్నా ఆ ఆమ్లం మిగిలిపోతుంది. అతిథి అడిగిన ‘ఎందుకింత పులుపు’ అనే ప్రశ్నకు జవాబు ఇదే.

లేబుల్ మీద అదంతా

జర్మనీలో ద్రాక్షరసపు చిక్కదనాన్ని ఓఖ్స్‌లె అంకెతో కొలుస్తారు. లీటరు రసం 1,080 గ్రాములు తూగితే అది 80 ఓఖ్స్‌లె. అనకాపల్లి బెల్లం సీమలో చెరకు రసానికి బ్రిక్స్ (చక్కెర పాలు) చూడటం ఎరిగినవారికి ఇది కొరుకుడు పడని విషయం కాదు, కొలమానం మాత్రమే వేరు. ఈ అంకె ఆధారంగానే 1971 నాటి చట్టం కాబినెట్, ష్పేట్‌లేసె, ఔస్‌లేసె, బేరెన్‌ఔస్‌లేసె, ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేసె అనే మెట్లు ఏర్పరచింది. మొదటి మెట్టు 70 చుట్టుపక్కల మొదలైతే చివరిది 150 దాకా పోతుంది. వేడి కరువైన చోట పక్వతనే గొప్పతనానికి కొలబద్దగా పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. తీగ మీదే −7 డిగ్రీల చలికి గడ్డకట్టిన కాయల నుంచి తీసే ఐస్‌వైన్ ఇప్పుడు అరుదైపోతోంది. 2019 పంటకు జర్మనీ అంతటా ఆ చలి దాదాపు రాలేదు. అందుచేత పాత పుస్తకంలోని ఉష్ణోగ్రతలు వాడేటప్పుడు ముద్రణ సంవత్సరం తప్పక చూడండి.

తీపి ఎంతో తెలియాలంటే మద్యం శాతం చూడండి: రీస్లింగ్ 8 శాతం దగ్గర ఆగితే చక్కెర కొంత మిగిలినట్టు, 12 దాటితే పొడిగా, అంటే తీపి దాదాపు లేకుండా ఉన్నట్టు. ఊరి పేరును చూసి మోసపోకండి. పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్ఖెన్ అనేది ఒక నిటారు తోట. పీస్‌పోర్టర్ మిఖేల్స్‌బెర్గ్ అనేది చాలా ఊళ్ల తోటలను కలిపి పెట్టిన పెద్ద పేరు, దానిలో చదునైన నేలలు కూడా ఉన్నాయి. లేబుల్ మీద రెండూ ఒకేలా ధ్వనిస్తాయి, ధరలో తేడా చూసినప్పుడే అనుమానం వస్తుంది. పాతబడిన రీస్లింగ్‌లో కిరోసిన్ లాంటి వాసన రావడం సహజ లక్షణమే, పాడైన గుర్తు కాదు. పాడయ్యేది నిల్వలో: విశాఖ వేసవిలో ఏసీ లేని స్టోర్‌రూమ్‌లో వారం ఉంచితే ఇంత సున్నితమైన వైన్ పరిమళం పోతుంది. 8 నుంచి 10 డిగ్రీల దగ్గర వడ్డించండి, మన ఉక్కలో గ్లాసు త్వరగా వేడెక్కుతుంది కనుక కొద్దికొద్దిగా పోయండి.

పద్ధతి పట్టుబడిందో లేదో చూసుకోవడానికి న్యూజీలాండ్‌లోని సెంట్రల్ ఒటాగోను తీసుకోండి. 45 డిగ్రీల దక్షిణ అక్షాంశం కనుక లెక్క అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు కట్టాలి, వాలు ఉత్తరానికి తిరిగి ఉందా అని చూడాలి. అక్కడ రాయి షిస్ట్, అదీ పొరలుగా చీలేదే. ప్రధాన రకం పినో నువార్. సముద్రం నుంచి పర్వతాలు అడ్డుగా ఉన్నాయి కనుక వాన చాలా తక్కువ, నీటి తడులు పెట్టాలి. మోసెల్‌లో నది చేసే పని అక్కడ ఏది చేస్తుందో పటంలో వెతకండి: క్రామ్‌వెల్ పట్టణం పక్కనున్న డన్‌స్టన్ సరస్సు దగ్గర మొదలుపెట్టండి.